పేలుడు వాయువులుండే చోట వాడే విద్యుత్ పరికరాలకు ఆమోదం: దరఖాస్తు విధానం

పెట్రోలు, వంటగ్యాసు, మందుల కంపెనీల్లో వాడే ద్రావకాలు ఆవిరై గాలిలో కలిసే చోట మామూలు స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, ప్రాణాలు పోవడానికి. అందుకే 2002 నాటి పెట్రోలియం నిబంధనల కిందికి వచ్చే ప్రమాదకర ప్రాంతాల్లో పెట్టే విద్యుత్ పరికరానికి నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అధిపతి, అంటే చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్, ఆమోదం ఉండాలి. సింగరేణి వంటి బొగ్గు గనులకు పంపే పరికరాల దారి వేరు. వాటి ఆమోదం ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ చూస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది పరికరం ఏ వాయువుల మధ్య పనిచేస్తుందన్నది. ఎంత తేలికగా పేలుతాయన్న దాన్ని బట్టి వాయువులను గ్రూపులుగా విడదీశారు: ప్రొపేన్ రెండు-ఏ గ్రూపులోకి, ఇథిలీన్ రెండు-బీలోకి, హైడ్రోజన్ రెండు-సీలోకి వస్తాయి. ఉష్ణోగ్రత తరగతి, అంటే పరికరం ఉపరితలం ఎంతవరకు వేడెక్కవచ్చో చెప్పే గుర్తు, కూడా అంతే ముఖ్యం. ఈథర్ ఆవిరి 200 డిగ్రీల లోపే తనంతట తాను అంటుకుంటుంది కనుక, ఉపరితలం 200 డిగ్రీల దాకా వేడెక్కవచ్చనే టీ3 పరికరం అక్కడ పనికిరాదు, 135 దాటని టీ4 కావాలి.

తరువాతి పని డ్రాయింగులు. దరఖాస్తుకు ప్రాణం ఇదేనని నా నమ్మకం. విద్యుత్ భాగాలను ఉంచే ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె లోపలికి గ్యాసు చేరకుండా ఆపదు. లోపల పేలుడు జరిగినా తట్టుకుని, మూత అంచుల మధ్య ఉండే సన్నని సందులోంచి బయటికి వచ్చే మంటను చల్లార్చి పంపుతుంది. కాబట్టి ఆ సందు ఎంత, అంచు వెడల్పెంత, బోల్టులు ఎన్ని, ఏ సైజువి, కేబుల్ గ్లాండ్ (తీగ పెట్టెలోకి వెళ్ళే చోట బిగించే అమరిక) మర ఎటువంటిది అన్నవన్నీ కొలతలతో సహా డ్రాయింగులో ఉండాలి. మేము మొదటిసారి పంపిన జంక్షన్ బాక్సు (తీగలను కలిపే పెట్టె) డ్రాయింగులో పది మిల్లీమీటర్ల బోల్టులు, నమూనాకు ఎనిమిది మిల్లీమీటర్లవి ఉండటంతో పరీక్ష మొదలవకుండానే వెనక్కి వచ్చింది. మూత అంచుకు రంగు పూయడం మరో పొరపాటు. ఆ అంచు నున్నగా, రంగు లేకుండా ఉండాలి.

నమూనాను, డ్రాయింగులను పెసో గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. ధన్‌బాద్‌లోని కేంద్ర మైనింగ్, ఇంధన పరిశోధన సంస్థ ఈ పరీక్షలకు పేరున్నది. అక్కడ పేలుడు వాయువులుండే చోట వాడే పరికరాలకు సంబంధించిన ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాల ప్రకారం పెట్టె లోపలా బయటా గ్యాసు మిశ్రమం నింపి, లోపల నిప్పురవ్వ పుట్టించి, బయటి మిశ్రమం అంటుకోలేదని నిర్ధారిస్తారు. పేలుడు పీడనాన్ని కొలిచి, దానికన్నా ఎక్కువ పీడనం పెట్టి గోడల బలాన్నీ చూస్తారు. వేడి, దెబ్బ తట్టుకునే శక్తి, నీరు, దుమ్ము చొరకపోవడం వేరుగా పరీక్షిస్తారు.

నివేదిక చేతికి వచ్చాక పెసో వెబ్‌సైటులో ఖాతా తెరిచి, పరికరం పేరు, మోడల్, రక్షణ విధానం (ఫ్లేమ్‌ప్రూఫ్ వంటిది), గ్యాసు గ్రూపు, ఉష్ణోగ్రత తరగతి నింపి, నివేదికను, ప్రయోగశాల ముద్ర వేసిన డ్రాయింగులను జతచేసి, అక్కడ చూపిన రుసుము చెల్లించాలి. నివేదికలోని మోడల్ నంబరుకూ దరఖాస్తులోని నంబరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా వివరణ అడుగుతారు కనుక, పంపే ముందు మరొకరి చేత చదివించడం మంచిది.

ఆమోదం పరీక్షకు నిలిచిన ఆ డిజైనుకే వర్తిస్తుంది. తరువాత గ్లాండ్ రంధ్రం ఒకటి పెంచినా, మూత లోహం మార్చినా, మారిన డ్రాయింగుతో మళ్ళీ ప్రయోగశాలను సంప్రదించి, సవరణ ఆమోదం వచ్చాకే సరుకు పంపాలి.