శ్రమకాలానికి ఒక నియమం పెట్టుకునేవారికి

ఈస్టరుకు ముందు ఉపవాస దినాలైన శ్రమకాలం భస్మ బుధవారంతో మొదలవుతుంది. అది దగ్గర పడిందంటే మా సంఘంలో స్త్రీలు నన్ను అడిగేది ఒక్కటే: "టీచరమ్మా, ఈసారి ఏం మానేయమంటారు?" మాంసమా, కాఫీయా, సీరియళ్లా అని వాళ్లలో వాళ్లే బేరాలాడుకుంటారు. నేను మాత్రం ముందు బైబిల్లో ఎఫెసీయుల పత్రిక రెండో అధ్యాయం తీయమంటాను.

ఎనిమిది, తొమ్మిది వచనాలు సండే స్కూల్ పిల్లలు కూడా గడగడా అప్పజెబుతారు. రక్షణ కృపచేతనే, మన క్రియల వల్ల కాదు. అక్కడితో ఆగిపోతారు. సత్క్రియలు చేయడానికే దేవుడు మనల్ని క్రీస్తులో సృష్టించాడన్న మాట పదో వచనంలో ఉంది. మూడూ కలిపి, అదే వరుసలో పైకి చదవండి. నియమం రాసుకోవడం ఆ తర్వాతే. వరుస తిరగబడితే ఉపవాసం కూలిపని అయిపోతుంది. పని చేసేవాడికి జీతం దానం కాదు, ఋణమేనని అపొస్తలుడైన పౌలే రోమీయులకు రాశాడు. దేవుడు మనకు బాకీ పడ్డట్టు లెక్కలు రాసే భక్తి నాకు భయం పుట్టిస్తుంది.

ఇక నియమం. "కోపం తగ్గించుకుంటాను" అని రాస్తే ఏమీ తగ్గదు. ఎవరి మీద, ఏ వేళలో, ఏ మాటగా బయటపడుతుందో రాయండి. రాత్రి వంటింట్లో కోడలిని ఎత్తిపొడవడం అనుకుందాం. నోరు కట్టుకోవడం మీ చేతిలో ఉంది. ఆ పిల్ల మీద ప్రేమ పుట్టించుకోవడం మీ చేతిలో లేదు, అది దేవుణ్ణి అడగాల్సిందే. అందుకని ఆమె ఆఫీసు నుంచి రాకముందే పేరు పెట్టి ప్రార్థించండి. "ఆమెను మార్చు ప్రభువా" అని కాదు. ఆమె అలసట నాకు కనబడేలా చేయమని. (అత్తలకు ఇది ఎంత కష్టమో నాకు తెలియనిది కాదు.) ఆమె వచ్చాక ఆ మాట నాలుక చివరిదాకా వస్తే, లేచి మంచినీళ్లు తెచ్చివ్వండి. ప్రార్థించాను కదా, ఇక ఆయనే చూసుకుంటాడని నోరు వదిలేయడాన్ని విశ్వాసం అనకండి. మీ సొంత రక్షణను కొనసాగించుకోండని ఫిలిప్పీయులకు చెప్పిన పౌలు, దానికి కారణం కూడా అక్కడే చెప్పాడు: మీలో పని చేసేవాడు దేవుడే.

చదవడానికి చిన్న భాగం చాలు. 119వ కీర్తన 176 వచనాలూ ఒక్క రాత్రిలో ముగించి వాట్సాప్ స్టేటస్ పెట్టే ఉత్సాహం రెండో వారానికే చల్లారుతుంది. 130వ కీర్తనలో ఉన్నవి ఎనిమిది వచనాలే. పొద్దున ఫోను ముట్టకముందు, పెదవులు కదిలేలా, వారమంతా అదే చదవండి. నాలుగో వచనం దగ్గర ఆగండి. దేవుని దగ్గర క్షమాపణ ఉంది కనుకనే మనుషులు ఆయనకు భయపడతారట! మనమైతే ముందు భయపడి, ఆ భయంతో క్షమాపణ సంపాదించాలనుకుంటాం. ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ ఈ కీర్తనను పౌలు బోధకు దగ్గరిదని ఎంచాడంటే ఆశ్చర్యం లేదు.

ఉపవాసం ఒక పూట చాలు. షుగరు మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఆ పూట కూడా మానవద్దు. మిగిలిన తిండి డబ్బులు అవసరంలో ఉన్నవారికి ఇవ్వండి, ప్రార్థన కూటంలో చెప్పకండి. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం పునరుత్థాన దినం, కడుపునిండా తినండి.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండు పూటలు పస్తుండి సరిచేయాలని చూడకండి. తప్పిందని ఒప్పుకొని, ఆ రోజుది ఆ రోజు చేయండి. పదే పదే తప్పుతుంటే నియమం మీకు పెద్దదన్నమాట, సగానికి తగ్గించండి. తప్పాను కనుక ఈ వారం ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి, రానని వెనక బెంచీలో కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. తన్ను తాను పరీక్షించుకుని, ఆ తర్వాత తినమని కదా కొరింథీయులకు రాసింది! ఆ బల్ల దగ్గరికి ఎవరూ అర్హత పట్టుకుని రారు.

నాలుగో వారంలో ఒక పని చేయండి. నియమం సాగుతోందా అని పాస్టరు గారిని కాదు, ఆ కోడలినే అడగండి: "నా మాట ఏమైనా మెత్తబడిందా అమ్మా?" లేదంటే వాదించకండి. ఉపవాసం పూటను ఆమెతో కలిసి కూరగాయలు తరిగే పూటగా మార్చుకోండి.