జియోలైట్ పూసలతో కార్బన్ డయాక్సైడ్ పట్టాలంటే ముందు తడి సంగతి చూసుకోండి

మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు జియోలైట్ పూసల్ని ఒక గాజు గొట్టంలో పోసి నోటితో ఊదాను, మనం వదిలే ఊపిరిలో 4 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కదా ఇంకేం కావాలి అనుకున్నా. పది నిమిషాలు ఊది తూకం వేస్తే గ్రామున్నర పెరిగింది, ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మర్నాడు అవే పూసల్ని టెస్ట్ ట్యూబ్‌లో వేసి వేడిచేస్తే పైన చల్లగా ఉన్న గాజు మీద నీటి చుక్కలు పట్టి ధారగా కిందికి జారాయి. నేను పట్టింది చాలావరకు నా ఊపిరిలోని తేమనే. అందుకే ఈ ప్రయోగం చేసేవాళ్లకి ముందే చెప్తున్నా, ఇందులో ముప్పావు వంతు పని తడి తీసేయడమే, గ్యాస్ పట్టడం అన్నది మిగతా పావు వంతు.

జియోలైట్ అంటే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి తేనెపట్టులా అల్లుకున్న ఖనిజం, ఆ గదులన్నీ అణువులు దూరేంత సన్నటివి. 1756లో క్రోన్‌స్టెడ్ అనే స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త ఇలాంటి రాయిని వేడిచేస్తే అది నీళ్లు మరుగుతున్నట్టు ఆవిరి కక్కిందట, అందుకే గ్రీకులో "మరిగే రాయి" అని అర్థం వచ్చేలా ఈ పేరు పెట్టాడు. అంటే పేరులోనే నీళ్లున్నాయి చూడండి. గదుల లోపల సోడియం అయాన్లు, అంటే ప్లస్ చార్జ్ ఉన్న సోడియం పరమాణువులు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ అణువుకి మొత్తం మీద చార్జ్ లేకపోయినా మధ్యలో కార్బన్ కాస్త ప్లస్ వైపు, రెండు చివర్ల ఆక్సిజన్లు కాస్త మైనస్ వైపు ఉంటాయి కాబట్టి సోడియం దాన్ని దగ్గరికి లాక్కుంటుంది, నైట్రోజన్‌ని అంత గట్టిగా లాగదు. నీటి అణువుని మాత్రం అన్నిటికంటే గట్టిగా పట్టుకుంటుంది, అప్పటికే లోపల కూర్చున్న కార్బన్ డయాక్సైడ్‌ని కూడా బయటికి తోసేసి మరీ.

కొనేటప్పుడు "మాలిక్యులర్ సీవ్" అని అడగండి, రకం 13ఎక్స్ కావాలి. 5ఏ అయినా పనికొస్తుంది. 3ఏ మాత్రం తీసుకోకండి, దాని రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటర్‌లో కోటో వంతు), కార్బన్ డయాక్సైడ్ సైజు 3.3, లోపలికి పట్టదు. కానీ నీళ్లు పడతాయి కాబట్టి అదే 3ఏని గ్యాస్ ఆరబెట్టడానికి వాడుకోవచ్చు. ఇవి కాక 0.01 గ్రాము చూపించే తూకం, సిలికా జెల్, వంట సోడా, వెనిగర్, రబ్బరు గొట్టాలు, పల్చటి అరలీటరు ప్లాస్టిక్ బాటిల్, సున్నపు తేట, కళ్లద్దాలు. పూసల దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్క్ పెట్టుకోండి, కిటికీలు తెరిచి ఉంచండి.

ఇప్పుడు పూసల్ని ఆరబెట్టాలి. వెడల్పాటి స్టీల్ ప్లేట్‌లో ఒక్క వరసగా పరిచి ఓవెన్‌లో 250 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచండి, 300 దాకా వెళ్లే ఫర్నేస్ దొరికితే ఇంకా మంచిది, 250 దగ్గర ఎంతో కొంత నీరు మిగిలే ఉంటుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, తీసిన పూసల్ని చల్లారనీ అని బల్ల మీద వదిలేస్తారు, అవి చల్లారే కొద్దీ గదిలో తేమంతా పీల్చుకుని మళ్లీ మొదటికొస్తుంది. వేడి వేడిగా ఉన్నప్పుడే మూత గట్టిగా పట్టే స్టీల్ డబ్బాలో పోసేయండి, గాజు సీసాలో పోస్తే పగులుతుంది. చల్లారాక మూత తియ్యడానికి కాస్త బలం పెట్టాల్సి వస్తే సంతోషించండి, లోపల గాలి ముడుచుకుంది, డబ్బా లీక్ లేదు అని అర్థం.

గ్యాస్ కోసం ఫ్లాస్క్‌లో 10 గ్రాముల వంట సోడా వేసి దాదాపు 150 మిల్లీలీటర్ల వెనిగర్ కొద్దికొద్దిగా వదలండి, ఒక్కసారి పోస్తే నురగ గొట్టంలోకి ఎక్కేస్తుంది. లెక్క ప్రకారం 5 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ రావాలి, అంటే రెండున్నర లీటర్లకి పైనే, కొంత నీళ్లలో కరిగిపోతుంది అనుకోండి. ఇది తడి గ్యాస్ కాబట్టి ఒక పొడవాటి సిలికా జెల్ గొట్టం గుండా, ఆ తర్వాత 3ఏ పూసల గొట్టం ఉంటే దాని గుండా కూడా పంపండి. ఎక్కడా దారి పూర్తిగా మూసుకోకూడదు, ఒత్తిడి పెరిగితే ఫ్లాస్క్ బిరడా ఎగిరిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బాటిల్ ప్రయోగం. ఆరిన గ్యాస్‌ని గొట్టంతో బాటిల్ అడుగుకి పంపండి, గాలికంటే బరువు కాబట్టి కింద నుంచి నిండుతూ గాలిని పైకి తోసేస్తుంది. మూతి దగ్గర వెలిగించిన అగ్గిపుల్ల ఆరిపోతే నిండినట్టే. ఆలస్యం చెయ్యకుండా 15 గ్రాముల పూసలు పోసి మూత బిగించి నాలుగు సార్లు ఊపండి. చూస్తుండగానే బాటిల్ పక్కలు టకటకమని లోపలికి నొక్కుకుపోతాయి, పూసలున్న అడుగు భాగం చేతికి వెచ్చగా తగులుతుంది, అణువులు గోడలకి అతుక్కున్నప్పుడు వదిలే వేడి అది. బాటిల్ పూర్తిగా చప్పిడైపోదు, పూసల్లో ముందే ఉన్న నైట్రోజన్ కొంత చోటు ఖాళీ చేసి బయటికొస్తుంది మరి. ఏమీ ముడుచుకోకపోతే పూసలు సరిగా ఆరలేదని, లేదా మీకు తెలీకుండా 3ఏ వచ్చిందని అర్థం.

అంకె కావాలంటే 10 గ్రాముల పూసల్ని సన్నటి గొట్టంలో పోసి, గొట్టంతో సహా తూచి, ఆరిన గ్యాస్ నెమ్మదిగా పంపి బరువు పెరగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ తూచండి. మంచి 13ఎక్స్ 25 డిగ్రీల దగ్గర, స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్‌లో తన బరువులో దాదాపు 20 శాతం పట్టుకుంటుంది, అంటే 10 గ్రాములకి 2 గ్రాముల దరిదాపు. అంతకంటే బాగా తక్కువ వస్తే పూసలు ముందే తడిగా ఉన్నాయి, ఎక్కువ వస్తే సంబరపడకండి, గ్యాస్ తడిగా ఉంది.

పట్టింది ఏంటో తేల్చుకోవడానికి ఆ పూసల్ని గట్టి గాజు టెస్ట్ ట్యూబ్‌లో వేసి, ఒక రంధ్రం ఉన్న బిరడా పెట్టి, గొట్టం చివర సున్నపు తేటలో ముంచి వేడిచెయ్యండి. సున్నపు తేట పాలలా తెల్లబడితే కార్బన్ డయాక్సైడే, ఇంకా గ్యాస్ వస్తూ ఉంటే ఆ తెలుపు పోయి మళ్లీ తేటపడుతుంది కాబట్టి మొదటి నిమిషాల్లోనే చూడండి. ట్యూబ్ పైభాగంలో చెమట పడితే అది నీరు. మంట ఆపే ముందు గొట్టాన్ని సున్నపు తేటలోంచి తీసేయడం మాత్రం మర్చిపోకండి, లేదంటే చల్లారుతున్న ట్యూబ్ ఆ నీళ్లని వెనక్కి లాక్కుంటుంది, వేడి గాజు పగులుతుంది.

ఇదే పూసలతో గాలిలోది ఎందుకు పట్టకూడదు అని అడిగితే, 25 డిగ్రీల దగ్గర సగం తేమ ఉన్న గాలిలో నీటి ఆవిరి 1.5 శాతం ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకి దాదాపు 37 నీటి అణువులు పోటీకొస్తాయన్నమాట. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల ఊపిరిని శుభ్రం చేసే యంత్రంలో కూడా గాలిని ముందు సిలికా జెల్, 13ఎక్స్ ఉన్న అరల్లో ఆరబెట్టాకే 5ఏ పూసల దగ్గరికి పంపుతారు, నిండాక ఆ పూసల్ని వేడిచేసి శూన్యానికి తెరిచి ఖాళీ చేస్తారు. మనం చేస్తున్నది దాని చిన్న రూపమే.

ఇంకో సంగతి, జియోలైట్ పట్టుకుంటుంది, వేడి తగిలితే వదిలేస్తుంది, అంతేగానీ శాశ్వతంగా దాచుకోదు. ఐస్‌లాండ్‌లో కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు 2012లో నీళ్లలో కరిగించిన కార్బన్ డయాక్సైడ్‌ని బసాల్ట్ రాతి పొరల్లోకి పంపితే రెండేళ్లలోపే 95 శాతం పైగా కార్బనేట్ రాయిగా మారింది, అది వేరే రకం పని, అక్కడ నీళ్లు శత్రువు కాదు, సాయం.

వాడిన పూసల్ని పారేయకండి, ఎన్నోసార్లు పనికొస్తాయి. ప్రతిసారీ మళ్లీ 250 దగ్గర నాలుగు గంటలు పెట్టి, వేడి మీదే డబ్బాలోకి ఎక్కించి, ఆరబెట్టిన తేదీ, బరువు మూత మీద రాసిపెట్టుకోండి, తర్వాత తూచినప్పుడు ఆ బరువు పెరిగి ఉంటే డబ్బా మూత మార్చాల్సిందే.