సందులో షాపు, చేతిలో ఫోన్: గిరాకీ పెంచుకున్న పద్ధతి

మాది తెనాలి. బోసు రోడ్డుకి రెండు సందుల లోపల బ్లౌజులు కుట్టే షాపు. రెండు కుట్టు మిషన్లు, చీర అంచులు చుట్టే పీకో మిషను ఒకటి, వెనక గదిలో బ్లౌజుల మీద జరీ, పూసల పని చేసే మగ్గాలు మూడు. మెయిన్ రోడ్డు మీద అద్దెలు మోయలేక లోపలికి తీసుకున్నాం. మొదటి ఏడాది మా వీధివాళ్ళు తప్ప ఇంకెవరూ రాలేదు. ఇప్పుడు దుగ్గిరాల, కొల్లిపర, అమృతలూరు నుంచి కూడా ఆడవాళ్ళు చీరలు పట్టుకుని వస్తున్నారంటే అది ఫోన్ వల్లే. నాలాగే చిన్న షాపు పెట్టుకున్న అక్కచెల్లెళ్ళు చాలామంది "రీల్స్ పెడుతున్నాం, లైకులు వస్తున్నాయి, గిరాకీ మాత్రం రావట్లేదు" అంటుంటారు. వాళ్ళ కోసం నాకు తెలిసిందంతా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క తేల్చుకోండి. మీ గుమ్మం ఎక్కగలిగినవాళ్ళు ఎవరు? నా పనికి కొలతలు తీయాలి, ఒకసారి వేసి చూడాలి, తేడా వస్తే సరిచేయాలి. కాబట్టి స్కూటీ మీదో బస్సులోనో అరగంటలో రాగలిగినవాళ్ళే నా గిరాకీ. పదిహేను కిలోమీటర్ల లోపల ఉన్న ఐదొందల మంది ఆడవాళ్ళు నన్ను గుర్తుపెట్టుకుంటే నా మగ్గాలు ఏడాదంతా ఖాళీ ఉండవు. ఇది అర్థమయ్యాకే నా పద్ధతంతా మారింది.

అందుకే ఇన్‌స్టాగ్రామ్ కన్నా ముందు గూగుల్ సంగతి చూడండి. రీల్స్ చూసే మనిషి పొద్దుపోక చూస్తుంది. "మగ్గం వర్క్ తెనాలి" అని గూగుల్ మ్యాప్స్‌లో కొట్టే మనిషి చీర చేతిలో పెట్టుకుని వెతుకుతుంది. ఆ మనిషికి మన షాపు మ్యాప్స్‌లో కనబడాలంటే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు. పేరు, నంబరు, షాపు తెరిచే వేళలు ఇచ్చాక అది నిజంగా మీ షాపేనని రుజువు అడుగుతారు. ఎక్కువగా వీడియో తీసి పంపమంటారు. వీధి, బోర్డు, లోపల మిషన్లు, షట్టర్ తాళం మీరే తీయడం, ఇవన్నీ మధ్యలో ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. మొదటిసారి నేను బోర్డు చూపించడం మర్చిపోయాను, ఒప్పుకోలేదు. రెండోసారి సందు మొదట్నుంచి నడుచుకుంటూ, బోర్డు చూపించి, తాళం తీసి లోపలికి వెళ్ళేదాకా తీశాను. అప్పుడు ఒప్పుకున్నారు.

అందులో "టైలర్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఫాల్, పీకో, చీర కుచ్చులు, మగ్గం వర్క్, పట్టులంగాలు, పాత బ్లౌజులు వదులు చేయడం, ఏ పనికి ఆ పని విడిగా రాయండి. చిన్న పనికి వచ్చినవాళ్ళే మన పనితనం చూసి పెద్ద పని ఇస్తారు. నా దగ్గర 12,000 రూపాయల పెళ్ళి బ్లౌజు చేయించుకున్న ఒకావిడ మొదట ఫాల్ కుట్టించుకోడానికి వచ్చిన మనిషే.

రివ్యూ అడగడానికి కూడా ఒక వేళ ఉంది. బ్లౌజు చేతికిచ్చేటప్పుడు అడిగితే సరేనంటారు, ఇంటికెళ్ళి మర్చిపోతారు. నేను ఫంక్షన్ అయిన మర్నాడు మెసేజ్ పెడతాను: "బ్లౌజు బాగా అమరిందా అమ్మా? ఎవరైనా మెచ్చుకున్నారా?" అప్పుడు వాళ్ళే సంతోషంగా నాలుగు మాటలు చెబుతారు. "అదే మాట ఇక్కడ రాయండమ్మా" అని లింకు పంపుతాను. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామని మాత్రం చెప్పొద్దు, గూగుల్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు. ఎవరైనా ఒక్క స్టార్ ఇస్తే వాదించకండి. హుక్కులు ఊడిపోయాయని ఒకామె రాసింది. "తప్పు మాదే అమ్మా, తీసుకురండి, కొత్తవి కుట్టి ఇస్తాం" అని అక్కడే అందరికీ కనిపించేలా జవాబు రాశాను. ఆ జవాబు చదివి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

వాట్సాప్ బిజినెస్ యాప్ షాపు నంబరు మీద వేరుగా పెట్టుకోండి. అందులో క్యాటలాగ్ ఉంటుంది, ఒక్కో బ్లౌజు ఫోటో కింద ధర రాయండి. "ధర పెడితే పక్క షాపువాళ్ళకి తెలిసిపోతుంది" అని మా ఆయన చాలా రోజులు పెట్టనివ్వలేదు. తెలిస్తే తెలియనివ్వండి. ధర లేకపోతే మన స్తోమతకి మించిందేమోనని, అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయే మనిషి వల్ల వచ్చే నష్టమే ఎక్కువ.

అన్నిటికన్నా ముఖ్యమైనది జవాబు. వీడియో బాగుండి జవాబు బాగోకపోతే ఆ వీడియో పక్క షాపుకి పనికొస్తుంది. "అక్కా, ఈ బ్లౌజు ఎంత?" అని మెసేజ్ వస్తే మొదట్లో నేను "షాపుకి రామ్మా, మాట్లాడుకుందాం" అనేదాన్ని. వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు ఇలా పెడతాను:

"ఇది 4,500 అమ్మా, లైనింగ్, కుట్టుకూలి అన్నీ కలిపి. చేతుల మీద వర్క్ తగ్గిస్తే 3,200లో అవుతుంది. పన్నెండు రోజులు పడుతుంది. మీకు ఏ తేదీకి కావాలి? చీర అంచు కనబడేలా ఒక ఫోటో పెట్టండి, ఏ రంగు దారం పడుతుందో చూసి చెప్తాను."

ధర, తగ్గించుకునే దారి, ఎన్ని రోజులు, ఆఖర్న ఒక ప్రశ్న. ఆ చీర ఫోటో అడగడంలోనే అంతా ఉంది. ఫోటో పెట్టిన మనిషితో ఇక మాట పెరుగుతుంది, బేరం దారిలో పడుతుంది. ఇంత పొడుగు ప్రతిసారీ కొట్టక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకుని ధర ఒక్కటీ మార్చుకుంటే సరిపోతుంది. రాత్రి వచ్చిన మెసేజ్‌కి పొద్దున షట్టర్ తీయగానే జవాబివ్వండి. మధ్యాహ్నం దాకా ఆగితే ఆమె ఇంకో ముగ్గురిని అడిగేసి ఉంటుంది.

ఇంకో సంగతి. మన స్టేటస్ వాళ్ళకి కనబడాలంటే మన నంబరు వాళ్ళ ఫోన్‌లో, వాళ్ళ నంబరు మన ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి. ఒకే మెసేజ్‌ని చాలామందికి ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది దాకా పెట్టుకోవచ్చు, మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకని కొలతలు తీసేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, వర్క్ అయ్యాక కుట్టేముందు మీకు ఫోటో పెడతాం" అంటాను. ఆ ఫోటో కోసం తప్పకుండా సేవ్ చేసుకుంటారు. మాట ప్రకారం ఆ ఫోటో పంపడం మాత్రం మర్చిపోవద్దు.

ఇక వీడియో. మా మగ్గాల గదిలో ట్యూబ్‌లైట్ కింద తీస్తే జరీ పాలిపోయి కనబడేది, ఎరుపు గులాబీ రంగులోకి వెళ్ళేది. పొద్దున తొమ్మిదింటికి తూర్పు కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు ఒక మగ్గాన్ని కిటికీ దగ్గరికి జరుపుతాం. ఫోన్ లెన్సు మెత్తటి గుడ్డతో తుడుస్తాం, ఇది చాలామంది చేయరు. ఫ్యాన్ ఆపేస్తాం. ఫోన్‌ని గుడ్డకి జానెడు దూరంలో పెట్టి సూది మొన మీద ఫోకస్ చేస్తాం. ఆరీ సూది టక్కున గుడ్డలోకి దిగుతుంది, కింద చెయ్యి అందించిన దారాన్ని కొక్కేనికి తగిలించుకుని పైకి లేస్తుంది, ఒక పూస కూర్చుంటుంది. మళ్ళీ టక్. ఇరవై సెకన్లు ఆ చప్పుడూ ఆ సూదీ చాలు, పాట అవసరం లేదు. బిజినెస్ అకౌంట్‌కి సినిమా పాటలు ఎలాగూ చాలావరకు దొరకవు. మొదటి రెండు సెకన్లలోనే సూది కనబడాలి. షాపు బోర్డుతో మొదలుపెడితే జనం వేలితో పైకి నెట్టేస్తారు.

వీడియో మీద తెలుగులో రాయండి: "నెమలి మెడ, 9 గంటల పని, 2,800, తెనాలి." ఊరి పేరు ప్రతి వీడియోలో ఉండాలి, లొకేషన్ ట్యాగ్ కూడా పెట్టాలి. గంటలు రాయడం మా మేనకోడలు చెప్పిన ఉపాయం. దానివల్ల ఒక మేలు జరిగింది. "ఇంత రేటేంటి?" అనేవాళ్ళు తగ్గారు. ఒక్కో పూసా చేత్తో కుట్టడం కళ్ళారా చూసిన మనిషి ఆ చేతి కష్టానికి విలువ కడుతుంది. మా మగ్గం పనివాళ్ళకి కూడా తమ చేతులు ఇంతమంది చూస్తున్నారని ఎంతో సంబరం.

మాట్లాడాల్సి వస్తే మీరు షాపులో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. అరువు తెచ్చుకున్న యాస వద్దు. మనల్ని చూడబోయేది మన పక్కూరు కొలకలూరు ఆడపడుచు.

రెండు తప్పులు చేశాను, మీరు చేయకండి. ఒకటి, ఇంటర్నెట్‌లో దొరికిన వేరేవాళ్ళ డిజైన్ ఫోటో స్టేటస్‌లో పెట్టాను. ఒకావిడ అచ్చం అదే కావాలంది. ఆ పూసలు ఇక్కడ దొరకలేదు. వేరే పూసలతో చేసిస్తే ఆమె మొహం చిన్నబోయింది. అప్పట్నుంచీ మా మగ్గం మీద పుట్టినది తప్ప వేరేది పెట్టను.

రెండోది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక పెళ్ళికూతురి తలంబ్రాల చీర బ్లౌజు అద్భుతంగా వచ్చింది. ఆ ఉత్సాహంలో పెళ్ళికి నాలుగు రోజుల ముందే రీల్ పెట్టేశాను. ఆ పిల్ల దాన్ని అత్తగారివాళ్ళకి కూడా చూపించకుండా దాచుకుంది. "అక్కా, అందరూ చూసేశారు" అని ఫోన్‌లో ఏడ్చింది. వీడియో వెంటనే తీసేశాను, వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాను. ఇప్పుడు ఆర్డరు పుస్తకంలోనే ఒక గడి పెట్టాం: ఫోటో పెట్టొచ్చా, మొహంతోనా మొహం లేకుండానా, ఏ తేదీ తర్వాత. వాళ్ళు వద్దంటే వద్దు.

ఎప్పుడు ఏం పెట్టాలో నాకు పంచాంగమే చెబుతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవని చాలా షాపులు ఊరుకుంటాయి. కానీ శ్రావణ శుక్రవారాలకీ వరలక్ష్మీ వ్రతానికీ బ్లౌజులు కుట్టించుకునేది ఆ ఆషాఢంలోనే. అందుకని ఆషాఢం మొదటి వారం నుంచే 1,500 లోపు బ్లౌజులు వరసగా పెడతాను. మాఘం పెళ్ళిళ్ళ బ్లౌజులు సంక్రాంతికి చాలా ముందే కనబడాలి. పెళ్ళివాళ్ళు చీరలు కొన్న రోజు సాయంత్రమే బ్లౌజు గురించి వెతుకుతారు. పెద్ద ముహూర్తానికి పది రోజులుందనగా "ఈ ముహూర్తానికి ఆర్డర్లు తీసుకోవడం ఆపేశాం" అని పెట్టేస్తాను. ఒప్పుకుని చివరి రాత్రి టెన్షన్ పడి, వాళ్ళనీ టెన్షన్ పెట్టడం కన్నా ఆ మాట చెప్పడమే మేలు. అది చూసినవాళ్ళు వచ్చే ముహూర్తానికి ముందే వస్తారు. మూఢం రోజుల్లో పిల్లల పట్టులంగాలు, పాత బ్లౌజుల రిపేర్లు.

ప్రకటనకి డబ్బు పెట్టాలంటే, జనం ఇప్పటికే ధర అడుగుతున్న వీడియోకే పెట్టండి. మొదటిసారి 2,000 రూపాయలతో బూస్ట్ చేసినప్పుడు ప్రాంతం దగ్గర ఏమీ మార్చకుండా నొక్కేశాను. ఎక్కడెక్కడి నుంచో మెసేజ్‌లు వచ్చాయి, ఒక్క ఆర్డరు రాలేదు. తర్వాత తెనాలి మీద గుర్తు పెట్టి చుట్టూ పదిహేను కిలోమీటర్లు, ఆడవాళ్ళు, 22 నుంచి 50 ఏళ్ళు, రోజుకి 200 చొప్పున ఐదు రోజులు, నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టాను. దాంతో వచ్చిన పెళ్ళి ఆర్డరు ఒక్కటే ఆ ఖర్చుకి చాలా రెట్లు తెచ్చింది. ప్రకటన మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, 1,000కి 1,180 లెక్కేసుకోండి. ఫాలోవర్లని అమ్ముతామని ఫోన్లు వస్తాయి. కొనకండి, వాళ్ళెవరూ కొలతలివ్వడానికి రారు.

బయటి ఊళ్ళ ఆర్డర్లకి సగం అడ్వాన్సు తీసుకోండి. అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలకి నేను ఆది జాకెట్టు వాళ్ళమ్మ దగ్గర తీసుకుని కుడతాను. ముక్కూమొహం తెలియనివాళ్ళు "డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే ఏమీ కొట్టకుండా వెంటనే ఫోన్ కట్ చేసేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

చివరగా ఒక పుస్తకం కొనుక్కోండి, మామూలు రూళ్ళ పుస్తకం. నాకు టిక్‌టాక్‌లో ఎనిమిది వేల మంది ఉండేవాళ్ళు. 2020 జూన్ 29న ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అంతమందిలో నా దగ్గర ఫోన్ నంబరు ఉన్నవాళ్ళు నలభై మంది కూడా లేరు. ఆ వారంలోనే పుస్తకం మొదలుపెట్టాను. పేరు, నంబరు, ఊరు, కొలతలు, మమ్మల్ని ఎక్కడ చూశారు, ఇంట్లో రాబోయే శుభకార్యం. "ఎక్కడ చూశారు" గడిలో నెలాఖరుకి గీతలు లెక్కపెడతాను, గూగులా, స్టేటసా, రీలా, పక్కింటావిడా అని. దాన్నిబట్టే వచ్చే నెల ఎక్కడ కష్టపడాలో తెలుస్తుంది. 2021లో అక్క పెళ్ళికి కుట్టించుకోడానికి వచ్చిన ఒక చెల్లెలి పేరు పక్కన మొన్ననే రాసుకున్నాను: "మాఘంలో పెళ్ళి, కార్తీకంలో ఫోన్ చేయాలి."