గర్వం మీద వాక్యం చెప్పమంటే ఎలా సిద్ధపడాలి

మా చర్చిలో ఆడవాళ్ల కూటమైన స్త్రీల మైత్రిలో నెలకు ఒకరు వాక్యం, అంటే బైబిలు మీద చిన్న ప్రసంగం, చెప్పాలి. జనవరిలోనే పన్నెండు అంశాలు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు, ఎవరికి ఏది వస్తే అది. ఈసారి "గర్వము, దేవుని తీర్పు" అన్న చీటీ కొత్తగా పెళ్లయి మా సంఘానికి వచ్చిన అమ్మాయి చేతిలో పడింది. నిన్న సాయంత్రం ఫోను చేసింది. "టీచరు గారూ, ఇంతమంది పెద్దవాళ్లకు నేను గర్వం గురించి చెప్పడమేమిటండీ? చీటీ మార్చుకుంటారా?" మార్చుకోనన్నాను. ఆ అంశం మీద నేను ఒకసారి చెప్పాను, ఎలా చెప్పకూడదో అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయికి ఫోనులో చెప్పినదే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. నేను బడిలో లెక్కలు చెప్పినదాన్ని, వేదాంత కళాశాల గడప తొక్కినదాన్ని కాదు. ఆ మేరకు తీసుకోండి.

ముందు కథ ఎంచుకోండి, ఒక్కటే. ఈ అంశానికి బైబిల్లో కథలకు కొదవ లేదు. ఆకాశాన్నంటాలని మనుషులు కట్టబోయిన బాబెలు గోపురం ఉంది. ధూపం వేయడానికి తానే ఆలయంలోకి వెళ్లి, నొసట కుష్ఠుతో బయటికి వచ్చిన ఉజ్జియా రాజు ఉన్నాడు. జనం "ఇది దైవస్వరమే" అని కేకలు వేస్తుంటే కాదనకుండా కూర్చున్న హేరోదు రాజు ఉన్నాడు. అందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక దెబ్బ వేయాలని చేయి ఉబలాటపడుతుంది. మీకు ఉన్నది ఇరవై నిమిషాలు. వినేవాళ్లలో సగం మంది పొయ్యి ఆర్పి వచ్చారు, వెళ్లి మళ్లీ వెలిగించాలి. ఒక్కరినే పట్టుకోండి.

నన్నడిగితే దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయం. బబులోను రాజు నెబుకద్నెజరు కథ అది: ఒక కల కన్నాడు, చెరలో ఉన్న యూదుడు దానియేలు దాని అర్థం చెప్పి హెచ్చరించాడు, అయినా మిడిసిపడిన రాజు బుద్ధి పోయి ఏడు కాలాలు పశువులా గడ్డి మేశాడు. మిగతా గర్విష్ఠుల సంగతి ఇంకొకరు చెబితే మనం వింటాం. ఇక్కడ మాత్రం నెబుకద్నెజరు తన కథ తానే చెప్పుకుంటున్నాడు. అధ్యాయం మొదలయ్యేది రాజు సకల జనులకు రాయించిన ప్రకటనతో. నడుమ కొంత భాగం కథకుడి నోట నడిచినా, చివరికి మళ్లీ "నేను" అంటూ రాజే ముగిస్తాడు. దేవుడు తమకు చేసింది ఎవరికి వారు లేచి చెప్పుకునే మన ఆదివారం సాక్ష్యాల ధోరణి అదే కదా. మన స్త్రీలు ప్రసంగం కంటే సాక్ష్యాన్ని శ్రద్ధగా వింటారు.

తర్వాత పెన్సిలు తీసుకుని ఆ అధ్యాయాన్ని గట్టిగా, నిలబడి, మూడుసార్లు చదవండి. ముప్పయ్యో వచనం దగ్గర ఆగండి. రాజు మేడ మీద తిరుగుతూ బబులోను పట్టణం గురించి తనలో తాను అనుకునే మాట అది: "నా బలాధికారమును నా ప్రభావఘనతను కనపరచుటకై నా రాజధాని నగరముగా నేను కట్టించినది కాదా". మూడు "నా"లు, ఒక "నేను". సున్నాలు చుట్టండి. తీర్పు వచ్చింది పట్టణం కట్టినందుకు కాదని కూటంలో నోరు తెరిచి చెప్పండి. లేకపోతే ఇల్లు కట్టుకున్న ప్రతి ఆవిడా ఆ పూట తల దించుకుని కూర్చుంటుంది.

ఇక్కడ ఇటుకల సంగతి చెప్పండి, పిల్లలు కూడా వింటారు. పాత బబులోను ఇప్పటి ఇరాకులో, బాగ్దాదుకు దక్షిణంగా సుమారు 85 కిలోమీటర్ల దూరాన హిల్లా పట్టణం పక్కన ఉంది. 1899 నుంచి 1917 దాకా కోల్డెవే అనే జర్మను పండితుడు అక్కడ తవ్వించాడు. ఆ శిథిలాల్లో దొరికిన ఇటుకల మీద ముద్ర ఉంటుంది: నెబుకద్నెజరు, బబులోను రాజు, నబోపొలస్సరు పెద్ద కొడుకు అని. ఒకటీ అరా కాదు, గుట్టలకొద్దీ ఇటుకలు. గోడ లేచాక లోపలి ఇటుక మీది పేరు ఎవరికీ కనబడదు. అయినా వేయించాడు. రెండున్నర వేల ఏళ్ల తర్వాత, 1980లలో, సద్దాం హుసేను అదే చోట గోడలు మళ్లీ కట్టించి, కొత్త ఇటుకల మీద తన పేరు వేయించాడు.

ఈ మాట నేను చెప్పిన రోజున అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూ తల పైకెత్తితే నెత్తి మీద ఫ్యాను. మా నాన్నగారు పోయాక మందిరానికి నేనే ఇచ్చాను. రెక్క మీద పసుపు రంగుతో "కీ.శే." అని నాన్నగారి పేరు చిన్నక్షరాల్లో, కింద "సమర్పించినవారు" అని నా పేరు పెద్దక్షరాల్లో, పక్కన బి.ఎస్సీ., బి.ఇడి. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనబడదు, పసుపు గీతలా ఉంటుంది. కరెంటు పోయినప్పుడే చదవడానికి వీలవుతుంది. వేసవిలో కరెంటు పోతే అందరూ ఉసూరుమంటారు. నేను మాత్రం ఒకసారి పైకి చూసుకునేదాన్ని. మీకూ ఇలాంటి ఫ్యాను ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతికి పెట్టుకోండి. చెప్పబోయే వాక్యంలో మొదటి ఉదాహరణ అదే కావాలి.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. "గర్వం" అనే మాట ఇప్పుడు రెండు వైపులా తిరుగుతోంది. పత్రికలో "జిల్లాకు గర్వకారణం" అని రాస్తారు, కూతురికి ర్యాంకు వస్తే తల్లి "గర్వంగా ఉంది" అంటుంది. ఆ తల్లిని కొట్టకండి. బైబిల్లోనూ "అతిశయించువాడు ప్రభువునందే అతిశయింపవలెను" అని ఉంది. మీరు చెప్పదలచింది మిడిసిపాటు గురించైతే ఆ మాటే వాడండి. మా పక్క ముసలమ్మలకు "అహంకారం" కంటే "మిడిసిపాటు" తొందరగా అర్థమవుతుంది. ఇంకొకటి. "అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది" అన్న సామెత ఈ అంశం రాగానే నాలుక చివరికి వస్తుంది. వాడకండి. నెబుకద్నెజరు అన్నీ ఉన్న విస్తరి, ఎగిరింది అదే.

ఇప్పుడు నేను చేసిన తప్పు. అప్పట్లో ముందు బెంచీలో కూర్చునే ఒకావిడతో నాకు పడేది కాదు. క్రిస్మసు విందు లెక్కల దగ్గర మొదలైన గొడవ. వాక్యం సిద్ధం చేసుకుంటున్నంతసేపూ నా కళ్ల ముందు ఆవిడే ఉంది. గడ్డి మేసిన రాజు గురించి చెబుతూ రెండుసార్లు ఆ బెంచీ వైపు చూశాను. కూటం అయ్యాక ఒకామె నా చేయి పట్టుకుని, "బాగా తగిలేలా చెప్పారు టీచరు గారూ" అంది. ఎవరికి అని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటికి నడిచి వెళ్తున్నంతసేపూ ఆ మాట తియ్యగా ఉంది. రాత్రి భోజనం దగ్గర చేదెక్కింది.

ఆ తర్వాతే పంతొమ్మిదో వచనం నా కంటపడింది. కల అర్థం దానియేలుకు తెలిసింది. తన ఊరిని కాల్చి, తనను చెరగొనిపోయిన రాజుకు తీర్పు రాబోతోందని తెలిసింది. చంకలు గుద్దుకోవాల్సిన సమయం. ఆయన ఏం చేశాడు? గంటసేపు మాట రాక, మనసులో కలవరపడ్డాడు. రాజే "కలవరపడకు" అని ధైర్యం చెప్పాల్సి వచ్చింది. అప్పుడైనా మొదట అన్నమాట, ఈ కల మిమ్మల్ని ద్వేషించేవారికి కలుగును గాక అని.

ఆ గంట మీకూ కావాలి. ఇది అలంకారానికి అనడం లేదు, గడియారం పెట్టుకోమనే అంటున్నాను. వాక్యం రాసుకోవడం అయ్యాక, కూటానికి ముందు రోజు, కాగితం మూసి గంటసేపు కూర్చోండి. చదువుతున్నప్పుడు ఎవరి ముఖం గుర్తొచ్చిందో ఒక చీటీ మీద రాయండి. ఆ పేరు కోసం ప్రార్థన చేయండి. తర్వాత ఆ మనిషి గురించే రాసినట్టు ఉన్న వాక్యాలను కొట్టేయండి. నా కాగితంలో అలా కొట్టేస్తే సగం మిగిలేది కాదేమో.

గంట గడిచాక దానియేలు మెత్తగా దాటవేయలేదు, అదీ గమనించండి. ఇరవై ఏడో వచనంలో సూటిగానే చెప్పాడు: నీతిని అనుసరించు, బీదల మీద కనికరం చూపు. అంటే గర్వానికి ఆయన చూపిన మందు తల వంచుకుని కూర్చోవడం కాదు, బీదవాడికి చేసే మేలు. మీ వాక్యంలోనూ ఇలాంటి పని ఒకటి ఉండాలి, చేతితో చేయగలిగింది. ఆ తర్వాత దేవుడు రాజుకు పన్నెండు నెలలు గడువిచ్చాడు. తీర్పు గురించి చెప్పేవాళ్లు ఈ పన్నెండు నెలలను దాటేసి గడ్డి దగ్గరికి పరుగెత్తుతారు.

ఒక్క విషయంలో మాత్రం నాకు పట్టుదల ఎక్కువ. ఎవరి ఇంట్లో జరిగిన చావునూ, జబ్బునూ, ఊరికి వచ్చిన విపత్తునూ చూపించి "ఇదిగో తీర్పు" అనకండి. మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వేలమంది పోయారు. మా అమ్మమ్మ చెల్లెలి ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు. కొన్నాళ్లకు బయటి ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చి, ఈ ప్రాంతపు గర్వాన్ని దేవుడు నీళ్లతో కడిగాడని చెప్పాడు. మా అమ్మమ్మ చదువుకోలేదు, కూటంలో ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఆ రోజు చాప మీద నుంచి లేచి నిలబడింది. "మా చెల్లెలి మనవరాలికి మూడు నెలలయ్యా. అది ఏ బాబెలు కట్టింది?" అంది. ఆయన ఏదో చెప్పబోయాడు. ఈవిడ చెంగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది.

చాలా ఏళ్లకు లూకా పదమూడో అధ్యాయం చదువుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కినవారికంటే పాపులా అని యేసు ప్రభువు అడిగి, కాదు అని తానే చెప్పాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందండని వేలు వినేవాళ్ల వైపు తిప్పాడు. నెబుకద్నెజరుకు వచ్చింది తీర్పు అని మనకు ఎలా తెలుసు? అక్కడ రాసి ఉంది కాబట్టి, అతనే ఒప్పుకున్నాడు కాబట్టి. మన వీధిలో జరిగేదానికి అలాంటి రాత మన చేతిలో లేదు.

కథను గడ్డి దగ్గర ఆపకండి. ఏడు కాలాలు గడిచాక అతను కళ్లు పైకెత్తాడు, బుద్ధి తిరిగి వచ్చింది, రాజ్యమూ తిరిగి వచ్చింది. సమయం మిగిలితే ఐదో అధ్యాయంలోని బెల్షస్సరు రాజును రెండు నిమిషాలు పక్కన నిలబెట్టండి. "త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి" అన్న మాట అతనికే. నెబుకద్నెజరుకు జరిగిందంతా తెలిసి కూడా తగ్గలేదన్నదే దానియేలు అతని మీద మోపిన నేరం. నాలుగో అధ్యాయం విన్న మనమందరం అతని వరసలోనే ఉన్నామని ఒక్క ముక్క అని ముందుకు సాగండి.

ఇక చెప్పే రోజు. చూపు వెనక గోడ గడియారం మీద ఉంచండి, ఏ బెంచీ మీదా ఆపకండి. "మీరు" అనాలనిపించిన ప్రతిచోటా "మనం" అనండి. ముగింపు ప్రార్థన ఇంకొకరిని చేయమనండి. మనమే చేస్తే చెప్పడం మరిచిన పాయింట్లన్నీ దేవుడికి విన్నవించే నెపంతో మళ్లీ వాళ్లకే వినిపిస్తాం. అయ్యాక గుమ్మం దగ్గర నిలబడకండి, చాపలు చుట్టడానికి వెళ్లండి. బాగుందన్నవాళ్లకు "వందనాలండీ" అని చాప రెండో అంచు అందించండి.

ఫ్యాను మీద పేరు చెరిపించమని మొన్న పెయింటరును అడిగాను. రాసినప్పుడు నూట యాభై తీసుకున్నాడు. చెరపడానికి పెద్ద నిచ్చెన కావాలట, మూడు వందలు అడుగుతున్నాడు. ఇంకా బేరం తెగలేదు.