పాత కారుకు పాత సామానే – 4వ పాఠం: క్వాడ్రాజెట్ కార్బురేటర్

గత పాఠంలో డిస్ట్రిబ్యూటర్ పని ముగించి టైమింగ్ పెట్టుకున్నాం. స్పార్క్ సంగతి తేలిపోయింది కాబట్టి ఇక పెట్రోల్ సంగతి చూద్దాం. మన పాఠాల్లో బండి 1969 పాంటియాక్ జీటీవో. 400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, నాలుగు గేర్ల మాన్యువల్. మీ దగ్గరున్నది ఓల్డ్స్‌మొబైల్ 442 అయినా, బ్యూక్ గ్రాన్ స్పోర్ట్ అయినా ఈ పాఠం పనికొస్తుంది. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ తన పెద్ద ఇంజిన్లలో చాలావాటి మీద గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజిన్‌కి అందించే ఈ రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్‌నే కూర్చోబెట్టింది.

దీనికి అమెరికాలో ఉన్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. పెడల్ గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒక్క క్షణం చచ్చినంత పని చేస్తుందని, వారం రోజులు నిలబెడితే స్టార్ట్ కాదని తిట్టుకుంటారు. తిట్టుకుని, పీకి అటక మీద పడేసి, కొత్త కంపెనీది ఏదో తెచ్చి బిగించేస్తారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు కార్బురేటర్‌ది కాదు, అంతకుముందు దాన్ని విప్పినవాళ్లది. పాత కారు కొంటున్నప్పుడు అమ్మేవాడిని తప్పకుండా అడగండి, "దీని అసలు కార్బురేటర్ మీ గ్యారేజీలో ఎక్కడైనా పడి ఉందా?" అని. చాలామంది దాన్ని ఊరికే ఇచ్చేస్తారు.

ఇది ఈ బండి మీదికి ఎలా వచ్చిందో రెండు మాటల్లో. 1964లో జీటీవో వచ్చినప్పుడు ఎక్కువ పవర్ కావాలన్నవాళ్లకు మూడు కార్బురేటర్ల ట్రై పవర్ ఇచ్చేవారు. 1967 మోడళ్లకు వచ్చేసరికి కార్వెట్‌కి తప్ప మిగతా కార్లకు ఒకటి కంటే ఎక్కువ కార్బురేటర్లు వద్దని జనరల్ మోటార్స్ ఆంక్ష పెట్టింది. దాంతో ఆ మూడూ చేసే పని ఒక్కదాని నెత్తిన పడింది. అందుకే దీనికి నాలుగు గొంతులు, అంటే గాలి లోపలికి దిగే దారులు. ముందు రెండూ 1 3/8 అంగుళాలు, అంటే సుమారు 35 మిల్లీమీటర్లు. వెనక రెండూ 2 1/4 అంగుళాలు, అంటే 57 మిల్లీమీటర్లు. ఊళ్లో తిరిగేటప్పుడు ముందు రెండిటితో పొదుపుగా నడుస్తుంది. పూర్తిగా తొక్కితే వెనక పెద్దవి తెరుచుకుంటాయి. ఇంత తెలివైన ఏర్పాటును జంక్ అనడం నాకైతే మింగుడుపడదు.

ముందు నంబరు చదవండి

కార్బురేటర్‌లో మూత, మధ్య భాగం, అడుగు భాగం అని మూడు ముక్కలు. డ్రైవర్ వైపు, వెనక మూలకి, మధ్య భాగం పోత (అచ్చులో పోసిన లోహం) మీద నిలువుగా అచ్చు గుద్దిన ఏడంకెలు కనిపిస్తాయి. 1967 వరకూ వచ్చినవాటికి ఈ నంబరు పక్కనున్న గుండ్రటి బిళ్ల మీద ఉంటుంది. జిడ్డు పట్టి కనపడకపోతే పాత టూత్ బ్రష్షుతో, కొంచెం కిరోసిన్‌తో రుద్దండి. వైర్ బ్రష్ పెట్టొద్దు.

7029263 అని ఉందనుకోండి. నాలుగో అంకె 9, అంటే 1969 మోడల్. ఆరో అంకె 6 పాంటియాక్ గుర్తు. చివరి అంకె బేసి అయితే సాధారణంగా మాన్యువల్ గేరు, సరి అయితే ఆటోమేటిక్. మన బండి మాన్యువల్ కాబట్టి 3 సరిపోయింది. దగ్గర్లోనే మరో నాలుగంకెలు ఉంటాయి. వాటిలో మొదటి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, చివరిది సంవత్సరం. 0349 అంటే 1969లో 34వ రోజు, ఫిబ్రవరి 3. కారు తయారైన తేదీ దీని తర్వాత రావాలి. కారు కంటే కార్బురేటర్ వయసులో చిన్నదైతే ఎవరో మధ్యలో మార్చారన్నమాట. రోచెస్టర్ కోసం కార్టర్ కంపెనీ కూడా వీటిని తయారుచేసింది. వాటి మీద తేదీ వేసే పద్ధతి వేరు, అది చూసి నకిలీ అనుకోకండి.

ఈ నంబరు మోజు కోసం మాత్రమే కాదు. జెట్ల (పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రాలు) సైజు, ఫ్లోట్ (లోపల పెట్రోల్ మీద తేలే ముక్క) ఎత్తు, స్ప్రింగ్ బిగువు అన్నీ ఈ నంబరు మీదే ఆధారపడతాయి. విడిభాగాల కొట్లో పాతది ఇచ్చి రీబిల్ట్ తీసుకుంటే చిక్కంతా ఇక్కడే. ఆ పని టోకున చేసే చోట మూతలన్నీ ఒక తొట్టిలో, మధ్య భాగాలన్నీ ఒక తొట్టిలో వేసి కడిగి, చేతికందినవి కలిపి బిగిస్తుంటారు. మీకు తిరిగొచ్చేది ఏ బండి మూతో, ఏ బండి అడుగో చెప్పలేం. ఎంత మురికి పట్టినా మీ బండిది మీ చేత్తోనే బాగుచేసుకోండి.

విప్పడం

పెట్రోల్ పైపును కార్బురేటర్ ఇంజిన్ మీద ఉండగానే వదులు చేయండి. పెట్రోల్ లోపలికి వెళ్లే పెద్ద నట్టును 1 అంగుళం స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, పైపు నట్టును 5/8 స్పానర్‌తో తిప్పాలి. ఒక్క స్పానర్‌తో కానిద్దామనుకుంటే రెండూ కలిసి తిరుగుతాయి. మధ్య భాగం జింక్ పోత, చాలా మెత్తన. థ్రెడ్లు చటుక్కున పోతాయి.

గ్యారేజీ తలుపు తీసి పెట్టండి. అమెరికాలో చాలా ఇళ్లలో వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది. దానికి పైలట్ మంట ఉంటే పని బయట పెట్టుకోండి, లేదా హీటర్ ఆపేయండి. పెట్రోల్ ఆవిరి నేల మీద పాకుతూ ఆ మంట దాకా వెళ్లగలదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

బెంచీ మీదికి వచ్చాక ముందు రెండు ఐడిల్ మిక్చర్ స్క్రూలు చూడండి. పెడల్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగేదే ఐడ్లింగ్, అప్పటి పెట్రోల్ పాళ్లు సరిచేసేవి ఇవి. ఒక్కోదాన్ని లోపలికి మెల్లగా తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకుని, అప్పుడు బయటికి తీయండి. ఆగాక ఇంకా బిగిస్తే కొన మీద గాటు పడుతుంది. ఆ తర్వాత ఐడ్లింగ్ ఎప్పటికీ కుదురుగా ఉండదు.

తర్వాత మూత. వెనక గొంతుల మీది గాలి తలుపు మధ్యలో ఒక బుల్లి స్క్రూ ఉంది. అది తీస్తే హ్యాంగర్‌తో పాటు వెనక గొంతులకు పెట్రోల్ కొలిచే రెండు సెకండరీ రాడ్లూ పైకి వచ్చేస్తాయి. వాటి మీద రెండేసి అక్షరాలు ఉంటాయి, రాసుకోండి. యాక్సిలరేటర్ పంపు లివర్‌ను పట్టి ఉంచే చిన్న పిన్నును సన్నటి పంచ్‌తో లివర్ వదులయ్యేదాకా మాత్రమే లోపలికి తట్టండి. పూర్తిగా తోసేస్తే మళ్లీ వెనక్కి లాగడం మహా కష్టం. ఇక మూత స్క్రూలు మొత్తం తొమ్మిది. ఏడు పైకే కనిపిస్తాయి. మిగతా రెండూ చోక్ తలుపు కింద, ముందు గొంతుల పక్కన గుంటల్లో దాక్కుని ఉంటాయి. స్క్రూలన్నీ తీశాం కదా అని స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తబోయి మూతలు విరగ్గొట్టినవాళ్లు ఎందరో.

మూతను నిటారుగా పైకి ఎత్తండి. దాని కింద సన్నటి ఇత్తడి గొట్టాలు వేలాడుతుంటాయి. పక్కకి వాల్చి లాగితే అవి వంగుతాయి. లోపల పవర్ పిస్టన్, దానికి తగిలించిన రెండు ప్రైమరీ (ముందు గొంతుల) రాడ్లు కనిపిస్తాయి. పిస్టన్‌ను వేలితో కిందికి నొక్కి టప్పున వదలండి. నాలుగైదుసార్లు అలా చేస్తే దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్ రింగుతో సహా అదే పైకి ఎగిరొస్తుంది. ప్లయర్ పెట్టి లాగొద్దు. జెట్ల మీది అంకె రంధ్రం సైజు. 71 అంటే అంగుళంలో వెయ్యింట 71 వంతులు.

కడగడం

రబ్బరు, ప్లాస్టిక్, చోక్‌ను లాగే వ్యాక్యూమ్ డబ్బా విడిగా పెట్టి, లోహం భాగాలు మాత్రమే క్లీనర్‌లో వేయండి. డబ్బా మీద ఎంతసేపు అని రాసి ఉంటే అంతసేపే. రాత్రంతా నానబెడితే పోత మీది పసుపు, ఆకుపచ్చ కలిసిన పూత పోయి బూడిద రంగు తేలుతుంది. శాండ్ బ్లాస్టింగ్, గాజుపూసల బ్లాస్టింగ్ రెండూ వద్దు. ఒక్క పూస సందులో ఇరుక్కుంటే చాలు, నెలల తరబడి ఏడిపిస్తుంది. సందుల్లోకి తీగ దూర్చకుండా గాలి కొట్టండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని. రంగు మరీ పోయి ఉంటే మళ్లీ డైక్రోమేట్ పూత వేసే షాపులు ఉన్నాయి. బంగారు రంగు స్ప్రే కొట్టడం మాత్రం నాకు నచ్చదు, పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

అసలు జబ్బులు

మధ్య భాగాన్ని తిరగేసి చూస్తే అడుగున గుండ్రటి బిరడాలు కనిపిస్తాయి. ఫ్యాక్టరీలో డ్రిల్ చేసిన దారులను మూయడానికి కొట్టినవి ఇవి. ఏళ్లు గడిచేకొద్దీ వాటి చుట్టూ పెట్రోల్ చెమరుస్తుంది. బండి ఆపాక మధ్య భాగంలో పెట్రోల్ నిలవుండే తొట్టిలోనిదంతా మెల్లగా ఇంజిన్‌లోకి కారిపోతుంది. వారం తర్వాత స్టార్ట్ కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఫ్యూయల్ పంపు మీద అనుమానంతో పంపు మార్చేస్తుంటారు పాపం. పరీక్ష తేలిక. కడిగి ఆరబెట్టిన మధ్య భాగాన్ని పాత న్యూస్‌పేపర్ మీద రెండు దిమ్మల మధ్య ఎత్తుగా నిలబెట్టి, తొట్టిలో మినరల్ స్పిరిట్ పోసి గంట ఆగండి. కాగితం మీద తడి మచ్చ ఎక్కడ పడిందో దానికి సరిగ్గా పైన ఉన్న బిరడాయే దొంగ. ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు లేకుండా తుడిచి, పెట్రోల్‌కి కరగని రెండు ట్యూబుల ఎపాక్సీ పలచగా పూయండి. ఒక రోజు కదపకండి. మందంగా పూస్తే అడుగు భాగం సరిగా కూర్చోదు. ఆరాక మళ్లీ అదే పరీక్ష.

రెండోది థ్రాటిల్ షాఫ్ట్, పెడల్ తొక్కితే గొంతులు తెరిచే బిళ్లలను తిప్పే కడ్డీ. అడుగు భాగం అల్యూమినియం, షాఫ్ట్ ఉక్కు. అరిగేది ఏదో చెప్పక్కర్లేదు. ముందు షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టి పైకీ కిందికీ ఊపండి. వదులుగా కదిలిందంటే అక్కడినుంచి గాలి పీలుస్తోందన్నమాట. ఐడ్లింగ్ ఒకసారి పెరగడం, ఒకసారి తగ్గడం అందుకే. దీనికి రీమర్‌తో బోరు పెంచి కంచు బుష్‌లు వేయాలి. రీమర్, బుష్‌లు కలిపి కిట్‌గా అమ్ముతారు. డ్రిల్ మెషిన్‌తో కాకుండా చేత్తోనే తిప్పండి. బుష్ వేయాలంటే షాఫ్ట్ మీది బిళ్లల స్క్రూలు తీయాలి. వాటి కొనలు వెనకవైపు చితక్కొట్టి ఉంటాయి. ఆ చితికిన భాగాన్ని ముందు సన్న ఆకురాయితో అరగదీయకపోతే స్క్రూ షాఫ్ట్‌లోనే విరుగుతుంది. తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి, థ్రెడ్ లాకర్ పూసి, కొన మళ్లీ చితక్కొట్టండి. ఆ స్క్రూ ఊడితే పడేది నేరుగా సిలిండర్‌లో. చేయి తిరగనివాళ్లు ఈ ఒక్క పనినీ మెషిన్ షాపుకి ఇవ్వడమే నయం.

మూడోది ఫ్లోట్. నల్లటి తేలిక ఫోమ్‌తో చేసింది. ఏళ్ల తరబడి పెట్రోల్ పీల్చి బరువెక్కుతుంది, మునుగుతుంది, ఓవర్‌ఫ్లో అవుతుంది. కొత్తదాని పక్కన పెట్టి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి చూడండి. "పాత సామానే" అన్నానని దీన్ని దాచుకోకండి, బరువెక్కితే మార్చాల్సిందే. యాక్సిలరేటర్ పంపు కప్పు కూడా అంతే. ఇక్కడి బంకుల్లో ఎక్కువగా దొరికేది 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే, పాత రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌కి ఆగే కిట్టే కొనండి. ఇండియాలో ఇప్పుడు 20 శాతం కలుపుతున్నారు కాబట్టి అక్కడ పాత జీపు, అంబాసిడర్ నడిపేవాళ్లకూ ఇదే మాట.

బిగింపు

తొట్టిలోకి పెట్రోల్ వచ్చే దారిని మూసే నీడిల్‌కి ఉన్న చిన్న తీగ క్లిప్పును ఫ్లోట్ చేతి అంచు మీదుగా తగిలించాలి. చేతికి రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలోంచే దూర్చాలనిపిస్తుంది, దూర్చకండి, నీడిల్ పట్టేస్తుంది. ఫ్లోట్ ఎత్తును గ్యాస్కెట్ లేకుండా, పోత పైఅంచు నుంచి ఫ్లోట్ పైభాగం దాకా, కొనకు కాస్త వెనక కొలవాలి. చాలావాటికి 1/4 నుంచి 3/8 అంగుళం మధ్యే ఉంటుంది. మీ నంబరుకు ఎంతో 1969 సర్వీస్ మాన్యువల్‌లో చూసి పెట్టండి.

ఇప్పుడు ఆ చెడ్డపేరు తెచ్చిన గాలి తలుపు. వెనక గొంతుల పైన ఉన్న ఈ తలుపు ఒక స్ప్రింగ్ బిగువు మీద తెరుచుకుంటుంది. ముందున్న వ్యాక్యూమ్ డబ్బా నుంచి వచ్చే సన్నటి రాడ్ అది ఒక్కసారిగా తెరుచుకోకుండా ఆపుతుంది. డబ్బాలో డయాఫ్రం చిరిగితే తలుపు దబాలున తెరుచుకుని, పెట్రోల్ అందేలోపే గాలి వెళ్లిపోతుంది. ఇంజిన్ గతుక్కుమనేది అందుకే. డబ్బా కాడను లోపలికి నొక్కి, గొట్టం మూతిని వేలితో మూసి, కాడ వదలండి. కాడ అక్కడే నిలిచిందా, డబ్బా బాగున్నట్టు. మెల్లగా బయటికి వచ్చేసిందా, కొత్తది వేయండి. తర్వాత స్ప్రింగ్. కింద ఉన్న 3/32 అలెన్ స్క్రూ వదులు చేసి, పక్కనున్న గాడి స్క్రూను తలుపు అప్పుడే మూసుకునే చోటికి తెచ్చి, అక్కడినుంచి మాన్యువల్ చెప్పినంత తిప్పి అలెన్ బిగించండి. సాధారణంగా అర చుట్టు నుంచి ముప్పావు చుట్టు దాకా ఉంటుంది. తెలియనివాళ్లు ఇది వదిలేసి పెద్ద జెట్లు వేస్తారు. పెట్రోల్ దండగ తప్ప జబ్బు పోదు.

మూత స్క్రూలు మధ్యవి ముందు, అంచులవి తర్వాత. ఇంజిన్ మీద కూర్చోబెట్టే బోల్టులు 12 అడుగు-పౌండ్లు దాటొద్దు. ముందున్న రెండు పొడుగు బోల్టులు మూతలోంచే దిగుతాయి, గట్టిగా లాగితే మూత మూలలు వంగిపోతాయి. మిక్చర్ స్క్రూలు లోపలికి ఆగేదాకా తిప్పి, రెండున్నర చుట్లు వెనక్కి తెచ్చి వదలండి. ప్రస్తుతానికి అది చాలు.

వచ్చే పాఠానికి వ్యాక్యూమ్ గేజ్ ఒకటి, టాకోమీటర్ ఒకటి కావాలి. అప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. రాసుకున్న రాడ్ అక్షరాలు, జెట్ అంకెలు మాన్యువల్‌తో సరిచూసుకుని, తేడా ఉంటే ఆ భాగాలు ఇప్పుడే ఆర్డర్ పెట్టండి.