షాపులో చెవినపడ్డ చులకన మాట: ఫిర్యాదు చేయాలా, చేస్తే ఎలా

షాపు సిబ్బంది అనుకున్న మాట చెవినపడి మనసు చివుక్కుమంటే, ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మూడు సంగతుల మీద తేలుతుంది. ఆ మాట దేని గురించి? ఎవరికి వినపడాలని అన్నారు? ఎక్కడ నిలబడి అన్నారు? ఈ మూడూ తేల్చుకోకుండా నేరుగా మేనేజర్ దగ్గరకు వెళ్తే, చిన్న విసుగు పెద్ద గొడవవుతుంది. ఒక్కోసారి పెద్ద తప్పు ఒక కూల్‌డ్రింక్‌తో, "సారీ మేడమ్"తో ముగిసిపోతుంది.

ముందు వదిలేయదగ్గవి చూద్దాం. "కొనే బేరం కాదులే", "నలభై చీరలు విప్పించింది, ఒక్కటీ తీసుకోలేదు" లాంటివి పని అలసటలోంచి వచ్చే సణుగుడు. పెద్ద బట్టల షాపుల్లో చాలామంది సేల్స్‌మన్లకు జీతం పైన అమ్మకాన్ని బట్టి ఇన్సెంటివ్ ఉంటుంది. పాత స్టాకు అమ్మితే కొన్నిచోట్ల ఇంకొంచెం ఎక్కువ. కొనకుండా వెళ్ళిన కస్టమర్ వల్ల ఆ ఇన్సెంటివ్ పోతుంది, విప్పినవన్నీ మళ్ళీ మడతపెట్టే పని మిగులుతుంది. పైగా పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపు ఉద్యోగులు కూర్చోవడానికి సీట్లు ఉండాలని చట్టమే చేయాల్సి వచ్చిందంటే వాళ్ళ పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇలాంటి సణుగుడు మీద ఫిర్యాదు రాయడం కంటే వాళ్ళ వైపు ఒకసారి తిరిగి చూస్తే చాలు. వినపడిందని వాళ్ళకు అర్థమవుతుంది.

పిలుపులు కూడా ఈ కోవలోకే వస్తాయి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ "నువ్వు" అన్నంత మాత్రాన అమర్యాద అనుకోనక్కర్లేదు. కోస్తా జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళు ఇక్కడ తరచూ పొరబడతారు. "ఆంటీ" అని పిలిస్తే ఒళ్ళు మండవచ్చు గానీ అది ఫిర్యాదు దాకా వెళ్ళే విషయం కాదు.

వదలకూడనివి వేరే ఉన్నాయి. మనిషి కులం, మతం, రంగు, శరీరం, వైకల్యం, చదువు, ఊరు, యాస, జబ్బు, వీటిలో దేన్నయినా పట్టుకుని వెటకారం చేస్తే అది అలసట కాదు. "ఈ రంగుకి ఆ చీర ఏం నప్పుతుంది", ట్రయల్ రూమ్ బయట "ఆ ఒంటికి మన దగ్గర సైజు లేదని చెప్పు", వీల్‌చెయిర్‌లో వచ్చినాయన గురించి "ఈ కుంటాయన్ని ఎవరు తీసుకొచ్చారు", కులం పేరు పెట్టి "వీళ్ళకి కూడా పట్టు చీరలే కావాలి". ఇలాంటివి ఒక్కసారి విన్నా చెప్పాలి. ఎందుకంటే గట్టిగా అనగలిగారంటే, పక్కనున్నవాళ్ళు నవ్వుతారనే ధైర్యం వాళ్ళకుంది. తప్పు ఒక్క నోటిది కాదు, ఆ ఫ్లోరు అలవాటుది.

మాట ఎవరి గురించి అన్నదీ చూసుకోవాలి. మీ గురించే అయితే నిర్ణయం మీదే. వేరే కస్టమర్ గురించి అయితే, ఆ మనిషికి వినపడలేదనుకుంటే, వెళ్ళి "మీ గురించి ఇలా అన్నారండీ" అని చెప్పకండి. సాయం చేశామనుకుంటాం గానీ, ఆ అవమానాన్ని వాళ్ళకు చేరవేసింది మనమే అవుతాం. వాళ్ళ ప్రస్తావన లేకుండా మీరు విన్నది మీరే మేనేజర్‌కు చెప్పండి. వాళ్ళకూ వినపడి ముఖం మాడిపోతే మాత్రం మెల్లగా అడగండి: "నేనూ విన్నానండీ. మీరు ఏమైనా చెప్పదలచుకుంటే సాక్షిగా ఉంటాను." వద్దంటే అక్కడితో ఆపేయాలి.

విన్న అయిదు నిమిషాల్లో చేయాల్సిన పని రాసుకోవడం. ఫోన్‌లో మీకు మీరే ఒక వాట్సాప్ మెసేజ్ పంపుకుంటే టైమ్ దానంతటదే పడుతుంది. అందులో ఇవి ఉండాలి: ఎన్నో అంతస్తు, ఏ సెక్షన్, అన్న మనిషి పేరు బ్యాడ్జి, అన్న మాట ఉన్నదున్నట్టు, అప్పుడు పక్కన ఎవరున్నారు. సరిగా వినపడని చోట చుక్కలు పెట్టండి, ఊహించి పూరించకండి. "దాదాపు ఇలాగే అన్నాడు" అంటే మేనేజర్ మొదట పట్టుకునేది ఆ "దాదాపు"నే.

మనిషిని గుర్తుపట్టడంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. అందరూ ఒకే రంగు యూనిఫామ్‌లో ఉంటారు. బ్యాడ్జి కనపడకపోతే బిల్లు చూడండి. చాలా బట్టల షాపుల్లో బిల్లు మీద గానీ, కౌంటర్‌కు పంపే చీటీ మీద గానీ సేల్స్‌మన్ కోడ్ నంబరు ఉంటుంది, ఇన్సెంటివ్ లెక్క కోసం. దాంతోపాటు బిల్లు నంబరు, టైమ్ చాలు, ఆ సమయానికి ఆ కౌంటర్‌లో ఎవరున్నారో మేనేజర్ డ్యూటీ చార్టులో చూసుకోగలడు. మీరు ఏమీ కొనకపోతే పార్కింగ్ చీటీ టైమ్ అయినా దాచుకోండి. మీకు చీరలు చూపించిన అమ్మాయే ఆ మాట అన్నదని మాత్రం అనుకోకండి. అన్నది పక్క కౌంటర్ మనిషయితే, ఆమె కోడ్ రాయడం వల్ల ఏ పాపం చేయని మనిషి ఇరుక్కుంటుంది.

ఎలక్ట్రానిక్స్, సెల్‌ఫోన్, కాస్మెటిక్స్ షోరూముల్లో ఇంకో చిక్కుంది. టీవీ ముందు కంపెనీ లోగో ఉన్న టీషర్టుతో నిలబడే అబ్బాయి తరచూ షాపు ఉద్యోగి కాడు. ఆ బ్రాండ్ పంపిన ప్రమోటర్. జీతం ఇచ్చేది బ్రాండో, మధ్యలో ఉన్న ఏజెన్సీయో. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్ళు కూడా చాలాచోట్ల ఏజెన్సీల మనుషులే. షాపు మేనేజర్‌కు చెబితే "వాడు మా స్టాఫ్ కాదండీ" అని తప్పించుకుంటాడు. అందుకే అలాంటప్పుడు షాపుకు, బ్రాండ్ కస్టమర్ కేర్‌కు ఇద్దరికీ ఒకే మెయిల్ పంపాలి. ఇద్దరి అడ్రసులూ ఒకే మెయిల్‌లో కనపడితే బాధ్యత అటూ ఇటూ తోసుకోవడం తగ్గుతుంది.

అక్కడికక్కడే అన్న మనిషితో మాట్లాడాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు: "ఏమ్మా, ఇప్పుడు మీరన్నది నాకు వినపడింది." లేదా "తమ్ముడూ, ఆ మాట బాగాలేదు." అంతే. జవాబు కోసం ఆగకండి. చాలాసార్లు అక్కడే క్షమాపణ వస్తుంది, వస్తే తీసుకోండి. తిరిగి వాళ్ళ ఊరునో భాషనో ఎత్తకండి. హైదరాబాద్ షాపుల్లో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది పనిచేస్తారు. "మా ఊరొచ్చి మమ్మల్నే అంటారా" అన్నారంటే మీ ఫిర్యాదు అక్కడితో చచ్చిపోతుంది. అప్పటి నుంచి మాట మీరన్న దాని మీదే నడుస్తుంది.

మేనేజర్‌కు చెప్పేటప్పుడు గల్లా దగ్గర, జనం మధ్య చెప్పకండి. నలుగురి ముందు నిలదీస్తే మేనేజర్ తన స్టాఫ్‌ను వెనకేసుకొస్తాడు, లేదా మీ కళ్ళముందే ఆ పిల్లను తిట్టి తతంగం ముగిస్తాడు. ఫ్లోర్ ఇన్‌చార్జిని పక్కకు పిలిచి రెండు నిమిషాల్లో చెప్పాలి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, ఆషాఢం డిస్కౌంట్లలో, శ్రావణంలో ఎవరూ సరిగా వినరు. అప్పుడు ఆ ఇన్‌చార్జి పేరు, ఫోన్ నంబరు మాత్రం తీసుకుని, మామూలు రోజు పొద్దున పదకొండు తరవాత ఫోన్ చేయండి. కిరాణా కొట్టు లాంటి చిన్న షాపయితే ఓనరే అన్నీ. మధ్యాహ్నం బేరం లేనప్పుడు వెళ్ళి చెప్పండి. అన్నది ఓనరే అయితే చెప్పుకునే పైమెట్టు లేదు, కొట్టు మార్చుకోవడమే.

తరవాత అసలు ముఖ్యమైన విషయం: ఏం కావాలో మీరే చెప్పాలి. చెప్పకపోతే షాపు తనకు సులువైనది చేస్తుంది. అంటే మీకు డిస్కౌంట్ కూపన్, ఆ పిల్లకు జీతంలో కోత. కూపన్ తీసుకున్నారంటే వాళ్ళ లెక్కలో ఫైలు మూసినట్టే. జీతం కోత విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. పాత వేతన చెల్లింపు చట్టంలోనూ కొత్త వేతనాల కోడ్‌లోనూ జరిమానా ఆ జీతంలో 3 శాతం దాటకూడదు, వేసేముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశమూ ఇవ్వాలి. ఆచరణలో ఎంతమంది పాటిస్తారన్నది వేరే మాట. "ఉద్యోగంలోంచి తీసేయండి" అని అడగడం వల్ల మంచి జరగడం అరుదు. తీసేస్తే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది, ఫ్లోరు అలవాటు మాత్రం మారదు. ఆ సెక్షన్ వాళ్ళందరికీ చెప్పమని, చెప్పాక మీకు రాతపూర్వకంగా తెలియజేయమని అడగండి. మెయిల్ ఇలా ఉంటే సరిపోతుంది:

"ఫలానా తేదీ సాయంత్రం 5:20కి మీ షాపు రెండో అంతస్తు, చుడీదార్ల సెక్షన్, ట్రయల్ రూమ్ దగ్గర మీ సిబ్బందిలో ఒకరు ఒక కస్టమర్ శరీరం గురించి ఈ మాటలన్నారు: '...'. పక్కనున్న ఇద్దరు సిబ్బంది నవ్వారు. బిల్లు నంబరు ఇది. ఆ సమయంలో అక్కడి సీసీటీవీ ఫుటేజీ చెరిపేయకుండా ఉంచండి. ఎవరి జీతమూ కోయమని అడగడం లేదు. ట్రయల్ రూముల దగ్గర కస్టమర్ల శరీరం గురించి మాట్లాడకూడదని ఆ సెక్షన్ అందరికీ చెప్పి, ఏం చేశారో 7 రోజుల్లో నాకు తెలపండి."

ఇందులో పార్కింగ్ దొరకలేదనీ, ఎక్స్‌ఛేంజ్ ఇవ్వలేదనీ కలపకండి. సులువైనదానికి జవాబిచ్చి అసలుదాన్ని వదిలేస్తారు. ఎక్స్‌ఛేంజ్ పని ఉంటే ముందు అది ముగించుకుని, తరవాత మెయిల్ పంపండి. ఫుటేజీ సంగతి మొదటి మెయిల్‌లోనే రాయాలి. రికార్డర్ నిండగానే పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఆ ఫుటేజీ మీకు చూపించాలని పట్టుబట్టకండి, పోలీసులు అడిగితే ఇవ్వాల్సింది షాపే.

చట్టం దాకా వెళ్ళే మాటలు కొన్ని ఉన్నాయి. ఇక్కడే "ఎవరికి వినపడాలని", "ఎక్కడ" అన్న ప్రశ్నలు బరువెక్కుతాయి.

స్త్రీని అవమానించే ఉద్దేశంతో, ఆమెకు వినపడాలనే అన్న మాటకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 79వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. గోడౌన్‌లో ఇద్దరు గుసగుసలాడుకుంటే పొరపాటున విన్నది దీని కిందకు తేవడం కష్టం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)లోని ఆర్, ఎస్ క్లాజులు నలుగురికీ కనపడే చోట కించపరచడం, కులం పేరుతో దూషించడం గురించినవి. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్ళు. బయటివాళ్ళెవరూ లేని నాలుగు గోడల మధ్య జరిగితే ఇవి వర్తించవని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. కస్టమర్లు తిరిగే షాపు ఫ్లోరు అలాంటిది కాదు గనుక, చుట్టూ విన్న కస్టమర్ల సాక్ష్యమే ప్రాణం. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 92వ సెక్షన్ కూడా జనం మధ్య కావాలని అవమానిస్తే అంతే శిక్ష చెబుతుంది.

వీటికి షాపు మేనేజర్ క్షమాపణ సరిపోతుందా లేదా అన్నది బాధితుల ఇష్టం. కేసు పెడతామంటే ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే ఆ స్టేషన్ పరిధితో పని లేని ఫిర్యాదు, ఇవ్వవచ్చు. ఎస్సీ, ఎస్టీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఈ కేసులకు హెల్ప్‌లైన్ 14566. మహిళలకు 181, అత్యవసరమైతే 112. తెలంగాణలో మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను చాలామంది మొదట గుర్తుచేసుకుంటారు గానీ, ఉత్త మాటకు అది సరైన చోటు కాదు. ఆ మాటతోపాటు వస్తువు అమ్మనన్నా, డబ్బు వెనక్కివ్వకపోయినా, సర్వీసు ఆపేసినా అప్పుడు పనికొస్తుంది.

మెడికల్ షాపుల సంగతి వేరుగా చెప్పాలి. మానసిక జబ్బు మందులు, హెచ్‌ఐవీ మందులు, గర్భనిరోధకాలు, ప్రెగ్నెన్సీ కిట్లు కొనేవాళ్ళ గురించి కౌంటర్ వెనక నవ్వులు, మందు పేరు గట్టిగా అరవడం మన దగ్గర కొత్త కాదు. ఇక్కడ మర్యాద ఒక్కటే కాదు, రోగి సంగతి బయటపెట్టడం కూడా జరుగుతోంది. ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ 2015 ప్రకారం రోగి రహస్యాన్ని కాపాడటం ఫార్మసిస్ట్ బాధ్యత. కౌంటర్‌లో ఉన్నది రిజిస్టర్డ్ ఫార్మసిస్టా, ఊరికే పెట్టుకున్న కుర్రాడా అన్నది గోడకు వేలాడే సర్టిఫికెట్ చూస్తే కొంతవరకు తెలుస్తుంది. ఫార్మసిస్ట్ అయితే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌కు రాయండి. అసలు ఫార్మసిస్టే లేకుండా మందులిస్తుంటే అది డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళు చూడాల్సిన విషయం. మీ జబ్బు పేరు ఫిర్యాదులో రాయాల్సిన పని లేదు, "నేను కొన్న మందు" అంటే చాలు.

వీడియో తీసి ముఖం కనపడేలా సోషల్ మీడియాలో పెట్టడం మాత్రం మానుకోండి. ఒకసారి పాకాక మీరు తీసేసినా ఆగదు, పొరపాటు మనిషి అయితే పరువునష్టం మీ మెడకు చుట్టుకుంటుంది. గూగుల్ రివ్యూ రాస్తే మనిషి పేరు లేకుండా, తేదీ, సెక్షన్, అన్న మాట, షాపు స్పందన మాత్రం రాయండి. అదీ ఏడు రోజులు గడిచి, హెడ్ ఆఫీసుకు రెండో మెయిల్ వెళ్ళాకే. వచ్చిన జవాబులో ఆ సెక్షన్ పేరు, ఎవరితో ఏ రోజు మాట్లాడారన్నది ఉంటే షాపు పని చేసినట్టు. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని మాత్రమే ఉంటే, మొదటి మెయిల్‌నే కింద అతికించి, "పైన అడిగిన దానికి జవాబు రాలేదు" అన్న ఒక్క ముక్కతో హెడ్ ఆఫీసుకు పంపండి.