మొదటి స్కార్ఫ్ అల్లుతుంటే వచ్చే చిక్కులు

డిసెంబరు చలిలో తెల్లవారకముందే ట్యాంక్‌బండ్ మీదుగా బండి మీద డ్యూటీకి వెళ్లే తమ్ముడి కోసం నా మొదటి స్కార్ఫ్ మొదలుపెట్టాను. వేసుకున్నవి 30 కుట్లు. జానెడు అల్లేసరికి 38 అయ్యాయి! మా పిన్ని పక్కన కూర్చుని రెండు వరుసలు నా చేతులే గమనించింది. తప్పు దొరికింది.

అల్లేకొద్దీ వెడల్పు పెరుగుతోంది

వరుస అయి సూది తిప్పగానే ఊలు దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగేస్తున్నాను. అలా లాగితే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండూ అల్లేస్తాం. సూది తిప్పాక దారాన్ని ముందువైపు కిందికి లాగి చూడండి, కుట్టు ఒక్కటే కనిపిస్తుంది. అప్పుడు సూది కిందుగా దారాన్ని వెనక్కి తీసుకెళ్లి అల్లండి. ఒకటో రెండో పెరిగితే అంచు దగ్గర రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లేస్తే చాలు. ఎనిమిది పెరిగితే ఊడదీయడమే మంచిది. ప్రాణం ఉసూరుమంటుంది, కానీ ఊలు ఎక్కడికీ పోదు.

వరుస మధ్యలో కన్నం పడి కుట్టు పెరిగితే, దారం ముందువైపు ఉండిపోయి సూదికి చుట్టుకుందన్నమాట. తర్వాతి వరుసలో ఆ చుట్టును అల్లకుండా జార్చేయండి. ఫోన్ మోగి మధ్యలో ఆపారా? మళ్లీ పట్టుకునేటప్పుడు ఉండ దారం వేలాడే సూది కుడిచేతిలో ఉండాలి.

కుట్టు జారి నిచ్చెన పడింది

టెన్షన్ పడి లాగకండి. క్రోషా సూదితో (మొనకు కొక్కెం ఉండేది) జారిన ఉచ్చును పట్టుకుని, దాని వెనక నిచ్చెన మెట్టులా ఉన్న అడ్డదారాన్ని ఉచ్చులోంచి ముందుకు లాగండి. అడ్డదారం ఉచ్చుకు ముందుంటే స్కార్ఫ్ తిప్పి, అటువైపు నుంచి ఎక్కించండి. అంతా సీదా అల్లికే (దారం సూది వెనక ఉంచి అల్లేది) అయితే మెట్టు మెట్టుకీ తిప్పాల్సి వస్తుంది.

సూది కదలనంత బిగుతు

ముందు నంబరు చూడండి. పాత ఇంగ్లండు లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 12 అంటే 2.75 మి.మీ., 8 అంటే 4, 6 అంటే 5. పెద్ద నంబరు లావనుకుని 12 తెచ్చుకుంటే చేతులు నొప్పులే. మొదటి స్కార్ఫ్‌కి 6 తీసుకోండి. అయినా బిగుస్తుంటే సూది మొన మీదే అల్లుతున్నారు. కుట్టును లావు భాగం దాకా తోసి, అప్పుడు దారం సవరించండి. ఎండాకాలం చెమట చేతులతో యాక్రిలిక్ ఊలు సరిగా జారదు. చేతులు కడిగి, తుడుచుకుని, ఫ్యాన్ కింద కూర్చోండి.

అంచులు చుట్టుకుంటున్నాయి

ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా (దారం సూది ముందు ఉంచి అల్లేది) అల్లితే చుట్టుకోవడం ఆ అల్లిక గుణం, మీ తప్పు కాదు. దయచేసి వేడి ఇస్త్రీ పెట్టకండి, యాక్రిలిక్ ఊలు జావగారిపోతుంది. మొదటి స్కార్ఫ్ మొత్తం సీదాగానే అల్లండి.

చివరి అంచు ముడుచుకుపోయింది

ముగింపు కుట్లు బిగిసిపోయాయి. తమ్ముడి స్కార్ఫ్‌కీ అదే అయింది. ఆ ఒక్క వరుసా ఊడదీసి, ఇంకాస్త లావైన 5 నంబరు సూదితో మళ్లీ ముగించాను.